ఖాళీగా వదిలిన వరసలు

సాఫ్ట్‌వేర్ తయారుచేసే వాళ్లకు ఒక జబ్బుంది. పదేళ్లుగా కిక్కురుమనకుండా పనిచేస్తున్నదాన్ని చూస్తే వాళ్ల చేతులు ఊరుకోవు. దాన్ని విప్పుతారు, మళ్లీ బిగిస్తారు, కొత్త వెర్షన్ అని పేరు పెడతారు, పాతదానికి ఇక మా పూచీ లేదని చేతులు దులుపుకుంటారు. ఆ దుమ్ము ఎక్కడెక్కడి వాళ్ల నెత్తి మీదో పడుతుంది. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వెళ్లే దారిలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అది సిస్టమ్స్ కుమారి నెత్తి మీద పడింది.

ఆ కాలేజీలో ముగ్గురు కుమారులున్నారు, అంటే కుమారి అనే పేరున్న వాళ్లు. లైబ్రరీ కుమారి, హాస్టల్ కుమారి, సిస్టమ్స్ కుమారి. మొదటి ఇద్దరినీ వెతుక్కుంటూ వెళ్లాలి. మూడో ఆమెను మాత్రం అందరూ పిలుస్తూనే ఉంటారు. ప్రింటర్ కదలకపోయినా, నెట్ రాకపోయినా, చివరికి ల్యాబ్‌లో ఫ్యాను తిరక్కపోయినా ఆమెకే ఫోను. ఆమదాలవలసకు రెండు కిలోమీటర్లలో వరి పండించుకునే ఇంట్లో పుట్టి, బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, పద్దెనిమిదేళ్ల కిందట అక్కడ డేటా ఎంట్రీకి చేరింది. లెక్చరర్లలో కలవదు, అటెండర్లలో కలవదు. భర్త ధనరాజు ఎరువుల దుకాణంలో కూర్చుని, మా ఆవిడ కాలేజీలో ఏం చేస్తుందో నాకిప్పటికీ అర్థం కాలేదని వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెబుతుంటాడు.

ఆమెకు పని నేర్పింది కూర్మనాథం గారు. అప్పట్లో కంప్యూటర్ల బాధ్యత అంతా ఆయనది. శ్రీకూర్మం మనిషి. తండ్రి గుడి వంటశాలలో నైవేద్యం వండేవారు. కొడుకు రేడియోలు విప్పుతూ ఎలక్ట్రానిక్స్ చదివి, ఇటు వచ్చిపడ్డాడు. కాలేజీలో చేరిన కొత్తలో విజయనగరంలో కాపురం, రోజూ పాసింజరు బండిలో రాకపోకలు. అందుకే ల్యాబులన్నిటికీ స్టేషన్ల పేర్లు పెట్టారు. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు. అందరూ దిగే చోటు ఆమదాలవలస కాబట్టి పెద్ద కంప్యూటర్‌కి ఆ పేరు. 'మీ ఊరిదే పెత్తనం' అని కుమారిని ఆటపట్టించేవారు.

ఆ పెద్ద కంప్యూటర్‌లో ఆయన రాసిపెట్టినదాన్ని ఆ రోజుల్నుంచీ 'పుస్తకం' అనే అంటారు. కాలేజీలో ఏ కంప్యూటర్ ఎలా ఉండాలో, దేంట్లో ఏం ఉండాలో, ఎవరికి తెరుచుకోవాలో, ఎవరికి తెరుచుకోకూడదో అన్నీ అందులో వరసవరసగా ఉంటాయి. అరగంటకోసారి ప్రతి కంప్యూటరూ పెద్దదాన్ని పలకరించి, నేనెలా ఉండాలి అని అడుగుతుంది. పుస్తకం చూసి అది చెబుతుంది. ఎవరైనా ఏదైనా కెలికి ఉంటే దానంతటదే సర్దుకుంటుంది. ఇలా చేయించే సాఫ్ట్‌వేర్‌ని ఆయన ఎక్కడో చదివి, తనకు తానే నేర్చుకుని పెట్టారు. ఒక్క మార్పు చేయాలన్నా ముందు లాంగ్‌బుక్కులో పెన్నుతో రాయించేవారు. రాసింది పైకి చదివించేవారు. ఆ తర్వాతే కీబోర్డు ముట్టనిచ్చేవారు. పని నేర్చుకున్న మొదటి రెండేళ్లూ కుమారికి విసుగొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ విసుగు మీదే ప్రేమ.

హుద్‌హుద్ తుపాను రోజులు ఆమె ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు చెబుతుంది. పైకప్పు రేకులు లేచిపోయి పొందూరు ల్యాబ్‌లో అరవై కంప్యూటర్లు నీళ్లలో నానాయి. కరెంటు తిరిగొచ్చాక కొత్తవి తెప్పించారు. ఒక్కొక్కదాన్నీ సిద్ధం చేసుకుంటూ పోతే మొత్తానికి నెల పడుతుందని అందరూ లెక్కేశారు. కూర్మనాథం గారు అరవై తీగలూ తగిలించి, కుమారిని పక్కన నిలబెట్టుకుని, 'ఊరికే చూడు' అన్నారు. ఉత్త డబ్బాల్లాంటి ఆ అరవై కంప్యూటర్లూ పుస్తకం అడిగి, చదువుకుని, మధ్యాహ్నం భోజనాలవేళకల్లా పాత పొందూరు ల్యాబ్ అయి కూర్చున్నాయి. గోడలింకా తడిగానే ఉన్నాయి. ఆయన ఫ్లాస్కులోంచి కాఫీ రెండు గ్లాసుల్లో పోసి ఒకటి ఆమె చేతికిచ్చారు. తను ఈ పని వదిలి ఎక్కడికీ పోదని ఆ గ్లాసు పట్టుకుని నిలబడ్డప్పుడే ఆమెకు తెలిసింది.

ఆయన రిటైరై ఆరేళ్లు దాటింది. అరసవల్లిలో చిన్న ఇల్లు కట్టుకుని భార్య శ్యామలాంబతో ఉంటున్నారు. ఆ ఆరేళ్లూ పుస్తకాన్ని కుమారే చూసుకుంది. కొత్త కంప్యూటర్లను చేర్చింది, పాతవి తీసింది, ఆయన రాసిన తీరుకు మాత్రం వెంట్రుకంత తేడా రానివ్వలేదు. ఎవరైనా బాగుందంటే 'సార్ రాసిందే' అనేది.

ఇంతలో యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. ఆన్‌లైన్ పరీక్షలు జరిగే చోట కంప్యూటర్లన్నీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారాలట. ఆ కొత్తదాని మీద పుస్తకాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఎక్కనే ఎక్కదు. ప్రిన్సిపాల్ మోహనకృష్ణ గారు విశాఖపట్నం నుంచి ఒక కంపెనీ వాళ్ల మనిషిని పిలిపించారు. నవీన్ అని ముప్పై ఏళ్లవాడు, మర్యాదస్తుడు. పాత పుస్తకాన్ని మొత్తం తుడిచేసి, తమ దగ్గర తయారుగా ఉన్నది పెట్టేస్తే రెండు గంటల పని అన్నాడు. అతను అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అయినా కుమారి ఒప్పుకోలేదు. పుస్తకాన్ని తనే కొత్త వెర్షన్‌లోకి తెస్తానని, ఒక్క వారం ఇమ్మని అడిగింది.

ప్రిన్సిపాల్ గారు ఇచ్చారు. సోమవారం పొద్దున్న పరీక్ష. ఆదివారం సాయంత్రం ఐదింటికి అన్నీ సవ్యంగా ఉంటే కంప్యూటర్లు కుమారి చేతిలోనే ఉంటాయి. లేకపోతే నవీన్ వాళ్ల కంపెనీ చేతిలోకి పోతాయి, కుమారి ఆఫీసులో రికార్డుల సెక్షన్‌కి వెళ్లాలి. 'అక్కడ మీకు శ్రమ ఉండదు కుమారి గారూ' అని ఎంతో మృదువుగా చెప్పారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ వారం ఆమె పడ్డ పాట్లు రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. ఊళ్ల పేర్లను కూర్మనాథం గారు గౌరవంగా ఇంగ్లీషు పెద్దక్షరంతో మొదలుపెట్టి రాశారు, కొత్త వెర్షన్ అలాంటి పేర్లను గుర్తుపట్టనంది. అంకెలు విడిగా ఉంటే ఒప్పుకోలేదు, కొటేషన్లలో పెట్టమంది. ఇక కంప్యూటర్లన్నీ పెద్దదాన్ని నమ్మడానికి ఒక గుర్తింపు పత్రం లాంటిది ఉంటుంది. కొత్త వెర్షన్ ఎక్కిన పెద్ద కంప్యూటర్‌ని చూసి అవన్నీ నువ్వెవరన్నాయి. కుమారి ల్యాబు ల్యాబూ తిరిగి, ఒక్కొక్కదాని ముందూ కూర్చుని పాత పత్రం తీసేసి కొత్తది ఇప్పించింది. మూడు వందల పైచిలుకు కంప్యూటర్లు. శుక్రవారానికి మెడ పట్టేసింది. శనివారం మధ్యాహ్నం పొందూరు ల్యాబ్‌లో పరీక్ష పేజీ చక్కగా తెరుచుకుంది, హాల్‌టికెట్ నంబర్ అడిగింది, ఇవ్వగానే లోపలికి రానిచ్చింది. స్టాఫంతా అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. ఆమె కూడా ఇంటికెళ్లి, వారం రోజుల తర్వాత స్థిమితంగా అన్నం తింది.

ఆదివారం తొమ్మిదింటికి ప్రిన్సిపాల్ గారి ఫోను. తన గదిలో కంప్యూటర్ తెరవబోతే అది తనను హాల్‌టికెట్ నంబర్ అడుగుతోందన్నారు.

కుమారి స్కూటీ మీద పరుగున వెళ్లింది. ఆయన గదే కాదు, లైబ్రరీలోనూ, ఆఫీసులోనూ, హాస్టల్ వార్డెన్ టేబుల్ మీదా అదే వరస. కాలేజీ మొత్తం పరీక్ష రాయడానికి కూర్చున్నట్టుంది. ఐదింటికి రావలసిన నవీన్ కూడా కబురంది పదింటికల్లా వచ్చేశాడు. ఆమె పక్కనే కూర్చుని, తనకేం సంబంధం లేకపోయినా వెతికాడు. పుస్తకంలో ఇక్కడ పరీక్ష పెట్టాలా అన్నచోట, పరీక్ష ల్యాబుల దగ్గర 'ఎస్' అని ఉంది. మిగతా చోట్ల ఏమీ లేదు, రెండు కొటేషన్ల మధ్య ఖాళీ. పాత వెర్షన్ ఖాళీని 'నో' కిందే లెక్కగట్టేది. కొత్తది 'ఎస్' కింద లెక్కగడుతోంది.

"ఎవరైనా వద్దనుకుంటే 'నో' అని రాస్తారు కదా మేడమ్. ఇలా ఖాళీ ఎవరు వదిలారు?" అన్నాడు నవీన్, నిజంగానే అర్థంకాక.

ఎవరు వదిలారో కుమారికి తెలుసు. ఎందుకు వదిలారో ఇన్నేళ్లలో ఒక్కసారీ తోచలేదు. పైగా ఆయన వెళ్లాక తను చేర్చిన తొంభై కంప్యూటర్ల దగ్గరా అచ్చం అలాగే ఖాళీ వదిలింది. ఖాళీలన్నిటిలో ఒకేసారి 'నో' పెట్టి చూసింది. ప్రిన్సిపాల్ గది తెరుచుకుంది కానీ లైబ్రరీ ప్రింటర్లూ, ఆఫీసులో హాజరు యంత్రమూ పడుకున్నాయి. అంటే ఖాళీలన్నీ ఒకటి కావు. కొన్ని వద్దని వదిలినవి, కొన్ని పేరో నంబరో రాయాల్సిన చోట ఏదో ఉద్దేశంతో వదిలినవి. నాలుగు వందల పైన ఉన్నాయి. అన్నిటినీ మళ్లీ యథాస్థితికి తెచ్చి, స్కూటీ తాళం తీసుకుంది. కూర్మనాథం గారికి ఫోన్లో సరిగా వినబడదు.

సూర్యుడి గుడి ఉన్న ఊరు కాబట్టి ఆదివారం అరసవల్లి వెళ్లడమంటే తెలిసిందే. ఆటోలూ, బస్సులూ, దర్శనానికొచ్చిన జనం. స్కూటీని ఎక్కడో కొబ్బరికాయల కొట్టు దగ్గర వదిలేసి, జనాన్ని తోసుకుంటూ సందులోకి నడిచింది. కూర్మనాథం గారు వరండాలో పేపరు చదువుతున్నారు. కుమారి నిలబడే జరిగిందంతా చెప్పింది. ప్రిన్సిపాల్ గడువు, రికార్డుల సెక్షన్, అన్నీ చెప్పింది. 

"సార్, ఈ ఖాళీలు ఎందుకొదిలేరు? నో అని రాసేసుంటే ఈ గొడవే వచ్చేది కాదు కదా."

ఆయన పేపరు మడిచారు. లోపల్నుంచి శ్యామలాంబ గారు నవ్వుతూ వచ్చారు.

"ఈ ఇంట్లో ఆ మాట వినబడి ఎన్నేళ్లయిందో అడుగమ్మా. పంచదార అయిపోయినా నిండుకుందనాలి, ఉప్పు అయిపోయినా నిండుకుందనాలి. పొరపాటున లేదంటే అన్నం ముందునుంచి లేచిపోతారు."

అప్పుడు చెప్పారాయన. గుడిలో ప్రసాదం అయిపోయాక కూడా ఎవరో ఒకరు దూరం నుంచి నడిచి వస్తూనే ఉండేవారట. వాళ్ల మొహం మీద ఆ మాట అనకూడదని తండ్రి నేర్పారట. నోటికి అలవాటైంది చేతికీ అలవాటైంది. ఇంగ్లీషులో రెండక్షరాలే అయినా, యంత్రంతోనే అయినా, రాయబోతే చేయి రాలేదు. ఖాళీగా వదిలితే అదే అర్థం చేసుకుంటోంది కదా అని వదిలేశారు.

కుమారికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వాళ్లమ్మా అంతే. డబ్బా అడుగు కనబడుతున్నా బియ్యం లేవనదు. అలాంటి ఇంట్లో పెరిగింది కాబట్టే ఆ ఖాళీలు తనకు వింతగా అనిపించలేదు. లేదని రాయకుండా వదలడమే పద్ధతనుకుంది. నవీన్ లాంటివాడు మొదటిరోజే అడిగి ఉండేవాడు.

"సార్, మీరు రావాల. ఏ ఖాళీ ఏటో మీరు పక్కన కూకుని సెప్తే నాను రాస్తాను."

ఆయన చొక్కా మార్చుకుని, కళ్లజోడు చేతిసంచీలో వేసుకుని, స్కూటీ వెనక కూర్చున్నారు.  పెద్ద కంప్యూటర్ ఉండే సర్వర్ గది గుమ్మంలో ఒక్క నిమిషం ఆగారు. ఆయన కుర్చీ ఉన్న చోట ఇప్పుడు ఏసీ పెట్టె ఉంది. నవీన్ లేచి తన కుర్చీ ఇచ్చాడు.

పన్నెండింటికి మొదలుపెట్టారు. కుమారి వరస చదవాలి, ఆయన చెప్పాలి. మొదట్లో ఆయన 'అక్కడ పరీక్ష పెట్టం' అనేవారు, 'వాళ్లకెందుకు' అనేవారు, ఊరికే చెయ్యి ఊపేవారు. అలా అయితే తెల్లారేది కాదు.

"రెంట్లో ఒకటే సెప్పండి సార్. 'లేదు' అనా, ఖాళీగా వదిలెయ్యాలా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. నవీన్ వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూశారు.

"లేదు" అన్నారు, ఎవరికైనా వినబడుతుందేమో అన్నట్టు.

రెండోసారి ఇంకొంచెం గట్టిగా అన్నారు. ఇరవయ్యోసారికి కుమారికి నవ్వు ఆగలేదు, ఆయనా నవ్వేశారు. వందోసారికి టిక్కెట్ల కౌంటర్లో గుమస్తాలా అలవాటుగా చెప్పేస్తున్నారు. మధ్యలో ఏదో ఒక పేరు దగ్గర ఆగేవారు. ఇది గరివిడి ల్యాబ్‌లో కిటికీ పక్కది కదూ, దీని వెనక పావురం గూడు పెట్టింది. ఇది తుపానులో మునిగినది, పుస్తకంలోంచి ఇంకా తియ్యలేదా. తియ్యబుద్ధి కాలేదు సార్ అనేది కుమారి. ఆ చెమ్మ గోడల మధ్య అరవై కంప్యూటర్లు మెలకువొచ్చిన మధ్యాహ్నం ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. గడియారం చూసి మళ్లీ కుమారే చదవడం మొదలుపెట్టింది.

నాలుగూ పదికి పుస్తకం పెద్ద కంప్యూటర్‌కి ఎక్కించింది. అన్నిటికీ ఒకేసారి చదువుకోమని ఆజ్ఞ ఇచ్చింది. లైబ్రరీ తెరుచుకుంది, ప్రింటర్లు లేచాయి, హాజరు యంత్రం కూసింది. పొందూరు ల్యాబ్ మాత్రం బుద్ధిగా హాల్‌టికెట్ అడుగుతూనే ఉంది. ప్రిన్సిపాల్ గారు తన గదిలోంచే ఫోన్ చేసి, నా కంప్యూటర్ నన్ను లోపలికి రానిచ్చిందన్నారు. ఆయన గొంతులో నవ్వు వినడం కుమారికి అదే మొదటిసారి. నవీన్ తన ల్యాప్‌టాప్ మూసి, ఇంకొక్క పేజీ మిగిలింది మేడమ్, అన్నాడు. కంప్యూటర్లకు ఎవరు బాధ్యులో చెప్పే పేజీ. యూనివర్సిటీకి పంపే కాగితం మీద అందులో ఉన్న పేరే పడుతుంది. ఐదింటికి ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టాల్సింది దాని మీదే.

ఆ పేజీలో ఉన్నవి రెండే వరసలు. పై వరసలో కూర్మనాథం, ఎదురుగా పనిలో ఉన్నారా అన్నచోట 'ఎస్'. ఆరేళ్లుగా అలాగే ఉంది. కింద వరసలో తర్వాతి బాధ్యులు అని ఉంది, ఎదురుగా ఖాళీ.

కుమారి ఆ ఖాళీని రోజూ చూస్తూనే ఉంది. ఆయన అందులో ఎవరి పేరూ పెట్టలేదంటే, ఈ పనికి తగ్గవాళ్లు ఎవరూ ఆయనకు కనబడలేదనుకుంది. తను ఇంజనీరింగ్ చదవలేదు, డేటా ఎంట్రీకి వచ్చిన మనిషి. అందుకు ఆయన మీద కోపం కూడా రాలేదు. ఆయన మొహం చూడకుండానే అడిగింది.

"ఇదీ లేదేనా సార్?"

"ఆగు" అన్నారాయన. "అది లేదు కాదమ్మా. అది నీకని వదిలాను. నేను వెళ్లిపోయే రోజున నువ్వే రాసుకుంటావనుకున్నాను. రాశావో లేదో తర్వాత అడగడానికి నాకు మొహమాటమైంది."

అప్పుడొచ్చింది కుమారికి కోపం. ఆరేళ్లు తను ప్రతి మెప్పునూ ఆయన పేరు మీదే వేసింది. పైవాళ్లెవరైనా గట్టిగా చూస్తే చాలు, తను ఊరికే కాపలా మనిషినని తనకు తానే ఒప్పేసుకుంది. మొన్న ప్రిన్సిపాల్ గారు రికార్డుల సెక్షన్ అన్నప్పుడు కూడా లోపల్లోపల అది న్యాయమే అనుకుంది.

"ఒక్క మాట సెప్పుంటే ఏటయ్యేది సార్."

"చెప్పవలసింది" అన్నారు కూర్మనాథం గారు. "తప్పు నాదే. నీ పేరు రాయి. పైన నా పేరు ఎదురుగా నో అని రాయి."

కుమారి కింద వరసలో తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది. పై వరసకు వచ్చేసరికి వేళ్లు కదల్లేదు. కూర్మనాథం గారు అది చూశారు. కుర్చీ దగ్గరకు జరుపుకుని, కళ్లజోడు పెట్టుకుని, కీబోర్డు తన వైపు తిప్పుకుని, వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఆ రెండక్షరాలూ ఆయనే కొట్టారు.